చెవి అందిన రోజు

మైదుకూరులో శివలీలను బడిలో చేర్చిన రోజు, వయసు తేల్చడానికి అయ్యవారు తలమీదుగా చెయ్యి తిప్పి చెవి పట్టుకోమన్నారు. అందలేదు. మగ్గం వదిలి పిల్లను చూసుకునే తీరికలేని నాయన సుంకన్న, ఆమె తల కాస్త వంచాడు. చెవి అందింది. రికార్డులో ఏడాది వయసు పెరిగింది.

ఇప్పుడు పోలీసు ఉద్యోగానికి ఆ ఏడాదే అడ్డొచ్చింది. వయసు చూసేది దరఖాస్తు పెట్టే రోజుకు కాదట, జూలై ఒకటికట. రికార్డు ప్రకారం జూన్‌లోనే ఆమె పరిమితి దాటిపోతుంది. అసలు వయసుకైతే ఇంకో ఏడాది గడువుంది.

ఇంటికొచ్చేసరికి మగ్గం దగ్గర సుంకన్న పక్కింటాయనతో గర్వంగా అంటున్నాడు.

"ఆ పొద్దు నేను తల వంచకుంటే నా బిడ్డ ఇంత సదివేదా?"

కూతురిని చూసి, "దరఖాస్తు పెట్టినావామ్మా?" అన్నాడు.

"ఈసారి ఖాళీలు లేవంట నాయనా," అంది శివలీల, తల వంచుకుని.