గడ్డి ట్రాక్టరు రెండో చక్రం

ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో పని ఆగిపోయింది. సర్వర్ పడిపోయి కాదు, కిటికీ దగ్గర తమాషా దొరికి. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో మా బిల్డింగ్ వెనక పెద్ద గడ్డి వాలు ఒకటి ఉండేది. అద్దాల గోడ దగ్గర నిలబడితే అంతా కనిపించేది. అప్పుడే వాన వెలిసింది. మనిషి కూర్చుని నడుపుతూ గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ఒకటి ఆ వాలు ఎక్కలేక నానా అవస్థా పడుతోంది. సగం దాకా వస్తుంది. అక్కడ వెనక చక్రాల్లో ఒకటి గిర్రున తిరుగుతుంది. రెండోది నాకేం సంబంధం అన్నట్టు కదలకుండా ఉంటుంది. బండి మెల్లగా వెనక్కి జారుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ జారుతుంది. మావాళ్ళు కాఫీ పందేలు మొదలుపెట్టారు. నేను ఎక్కదనే వైపు కాశాను.

పందెం నేనే గెలిచాను. ట్రాక్టరాయన ఇంజను ఆపి, టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. చూద్దును కదా, మా ఓనర్ అంకుల్! టోవా పాయోలో నేను ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నది వాళ్ళ ఫ్లాట్‌లోనే. ఆయన గడ్డి కాంట్రాక్టులు చేస్తాడని తెలుసు గానీ మా కిటికీ కిందే చేస్తున్నాడని తెలియదు. గెలిచిన కాఫీ తాగబుద్ధి కాలేదు.

అవి వై టూ కే రోజులు. కీబోర్డు మీద రెండు చేతులూ పెట్టడం వచ్చిన ప్రతివాళ్ళనీ కంపెనీలు విమానం ఎక్కించేస్తున్నాయి. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. గుంటూరు వైపు కాలేజీలో, క్లాసు మొత్తానికీ ఒక్కదాన్నే ఆడపిల్లని. వర్క్‌షాపులో మగపిల్లలు వెల్డింగ్ చేస్తుంటే, "నువ్వు రికార్డు రాయమ్మా, నీ దస్తూరీ బాగుంటుంది" అనేవారు మా సారు. ఒళ్ళు మండిపోయేది. డిఫరెన్షియల్ బొమ్మ నేను గీసినంత అందంగా మా కాలేజీలో ఎవరూ గీయలేదు. ముట్టుకున్నది మాత్రం ఎన్నడూ లేదు. చదువు అవగానే అందరితో పాటు కోబాల్ కోర్సులో పడి, అక్కణ్ణుంచి సింగపూర్‌లో వచ్చి పడ్డాను. పొద్దస్తమానం పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడమే పని. జీతం బాగానే ఉండేది. మనసే ఆవలిస్తూ ఉండేది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అంకుల్ హాల్లో నేల మీద పడుకుని ఉన్నాడు, నడుం కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని. అంకుల్, ఆంటీ ఇద్దరూ మలేసియాలో పుట్టిన తెలుగువాళ్ళు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకి పోయిన కుటుంబాలు. వాళ్ళ మాటల్లో ఆ పాత యాసా, తమిళమూ, మలయూ కలిసి వండినట్టు ఉండేవి.

"ఏమైంది ఆంటీ?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఏటవుద్ది? ఆ చాంగీ వాలు ఎక్కట్లేదంట బండి" అంది ఆంటీ. "వచ్చే బుధవారం సూపర్‌వైజర్ చూడ్డానికొత్తాడు. అప్పటికీ కొయ్యకపోతే భుజాన మిషన్లు తగిలించుకునే కుర్రోళ్ళకి ఇచ్చేత్తాడు. ఈయన నడుంతో ఆ మిషన్ మొయ్యగలడా? వాలు పోతే ఉన్న పెద్ద పని పోయినట్టే. ట్రాక్టరు అమ్మీడమే."

"అమ్మీసి ఏటి సెయ్యాలో కూడా చెప్పు" అన్నాడు అంకుల్ పడుకునే.

"మా తమ్ముడు కాండో అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పని చూసి ఉంచాడు. నీడపట్టున కూకోవచ్చు. తప్పేటి?"

"గేటు తెరు, గేటు ముయ్యి. అంతే కదా? అలామా, దేవుడా! ఆ కుర్సీలో కూకోబెడితే నేను ఏడాది బతకను, అమ్మాయ్."

నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళలో నవ్వు లేదు. ఆ మనిషి కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. టీవీ చూస్తూ కూడా ఏదో ఒక నట్టు తోముతూ ఉండేవాడు.

"అంకుల్, మీ బండికి బలం చాలక కాదు" అన్నాను, బ్యాగు కూడా దించకుండా. "బలమంతా జారే చక్రానికే పోతోంది. వెనక డిఫరెన్షియల్ ఉంటుంది కదా, దాన్ని లాక్ చేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. ఒకటి జారినా రెండోది లాగుతుంది."

ఆయన లేచి కూర్చున్నాడు. "నువ్వు కంప్యూటర్ అమ్మాయివి కదా?"

"కాదు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, ఆంటీ చేతిలో గరిటె ఆగింది.

ట్రాక్టరు ఉండేది సిన్ మింగ్‌లో, ఆయన స్నేహితుడైన చైనీస్ తాత వెల్డింగ్ షాపు వెనక. శనివారం మేమిద్దరం వెళ్ళి వెనక చక్రాలు తీసి, ట్రాన్సాక్సిల్ విప్పాం. గేర్లు, డిఫరెన్షియల్, ఇరుసు అన్నీ ఒకే అల్యూమినియం డొక్కలో ఇమిడి ఉండే భాగం అది. ఆదివారం షాపుకి సెలవు. సోమవారం దాకా ఆగే ఓపిక నాకు లేదు. దాన్ని గోనెసంచిలో చుట్టి ఫ్లాట్‌కి తెచ్చేశాం. లిఫ్టులో పక్కింటావిడ ఆ సంచి వంక చూసి, "వా, సో బిగ్ ఫిష్ ఆ?" అంది. అంకుల్ అవునని తలూపాడు.

వంటింట్లో ఆంటీ తమిళ పేపర్లు పరిచింది, సణుగుతూనే. బోల్టులు విప్పి డొక్కని రెండు చెక్కలుగా విడదీశాను. లోపల నల్లటి గ్రీజు. చెయ్యి పెట్టాను. మోచేతి దాకా పూసుకుంది. గ్రీజు తుడుస్తూ పోతే అడుగున నా బొమ్మ కనిపించింది! రెండు పెద్ద పళ్ళచక్రాలు, వాటి మధ్య రెండు చిన్నవి, అచ్చం నేను రికార్డులో గీసినట్టే, ఒకదాన్నొకటి కరుచుకుని. నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. పరీక్షలో మార్కులు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

"చూడండి అంకుల్!" వాటి చుట్టూ ఉన్న బయటి పళ్ళచక్రం కదలకుండా పట్టుకుని ఒక ఇరుసుని ఇటు తిప్పాను. రెండో ఇరుసు దానంతటది అటు తిరిగింది. అంకుల్ నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ ఆ బండి మీద కూర్చున్నాడు గానీ దీని లోపల ఎప్పుడూ చూడలేదట. మళ్ళీ మళ్ళీ తిప్పించుకున్నాడు. తరవాత నన్ను పక్కకి జరిపి తనే తిప్పాడు.

"ఇలా ఎందుకు పెట్టాడు దీన్ని?" అని అడిగాడు.

"మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా. అందుకని రెండూ విడివిడిగా తిరగాలి. కాకపోతే బలాన్ని సుళువుగా తిరిగే చక్రం వైపే వదిలేస్తుంది."

"మా ఆయన కూడా అంతే. సుళువైన పని ఎటుంటే అటే" అంది ఆంటీ పొయ్యి దగ్గర నుంచి.

"మరి లాక్ చేసేత్తే మలుపు?" అన్నాడు అంకుల్.

"మెత్తటి గడ్డే కదా, చక్రాలు కాస్త జారతాయి. ఏం కాదు" అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి సిన్ మింగ్ వెళ్ళాను. గేర్లని కిరసనాయిలుతో జిడ్డు పోయేదాకా కడిగాం. చిన్న చక్రాలకీ పెద్ద చక్రాలకీ మధ్య పళ్ళు కలిపి వెల్డింగ్ చేసేస్తే ఇక అవి విడిగా తిరగలేవు. "ఒకసారి అతికిస్తే మళ్ళీ ఊడదు, షూర్ ఆ?" అని తాత ఇద్దర్నీ అడిగాడు. అంకుల్ నా వైపు చూశాడు. నేను "షూర్" అన్నాను. అని, ఉండబట్టలేక, "నేను చెయ్యనా?" అని కూడా అడిగాను.

తాత నన్ను ఎగాదిగా చూసి, ముసుగూ చేతి తొడుగులూ ఇచ్చాడు. కడ్డీ తగలగానే మెరుపు లేచింది. ముసుగు వెనక నాలో నేనే నవ్వుకుంటున్నాను, ఎందుకో ఏడుపూ వస్తోంది. రికార్డు రాయమన్న మా సారు ఆ క్షణంలో ఎదురుగా ఉంటే ఎంత బాగుండు అనిపించింది. ముసుగు ఎత్తి చూస్తే నా అతుకు పిచ్చిక గూడులా ఉంది. తాత దాన్ని గీకి, దాని మీద తన అతుకు నున్నగా వేశాడు. వేడి మెల్లగా దిగితే పగుళ్ళు రావని పొడి ఇసకలో కప్పెట్టాడు. అడుగున ఉన్నది నాదే కదా అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రానికి కొత్త గ్రీజు నింపి, డొక్క మూసి, బండి బిగించేశాం. పట్టు ఇంకా పెరగాలని టైర్లలో గాలి కూడా కొంచెం తగ్గించాం.

మంగళవారం ఆఫీసు అవగానే వాలు దగ్గరికి పరిగెత్తాను. అంకుల్ చిన్న లారీ మీంచి ట్రాక్టరు దించి రెడీగా ఉన్నాడు. ఆంటీ కూడా వచ్చింది, టిఫిన్ క్యారియరుతో. మధ్యాహ్నం వాన బాగా పడింది. నేల తడిగా ఉంది, మాకు కావలసింది అదే.

అంకుల్ గేరు వేశాడు. బండి వాలు ఎక్కడం మొదలుపెట్టింది. సగానికి వచ్చింది. ఎప్పుడూ జారే చోటికి వచ్చింది. ఎడమ చక్రం కాస్త జారింది, కుడి చక్రం పట్టింది, బండి ఒక్క కుదుపు కుదిపి పైకి పోయింది. పోయింది! నేను వేసిన కేకకి పక్క బస్‌స్టాపులో జనం తిరిగి చూశారు. ఆంటీ చేతులు పట్టుకుని గెంతాను. అంకుల్ బండి మీద సగం లేచి నిలబడి, "బోలే లా! బోలే!" అని అరుస్తున్నాడు. అవుతుంది, చెయ్యగలం అని దానర్థం; చివరి 'లా' అక్కడివాళ్ళ ఊతపదం.

ఆ ఊపులోనే వాలు మధ్యలో బండి తిప్పాడు.

రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతూ మలుపుకి ఒప్పుకోలేదు. గీరుకుంటూ పోయాయి. మా కళ్ళ ముందే గడ్డి చాపలా లేచిపోయింది. ఆకుపచ్చ వాలు మీద అర్ధచంద్రాకారంలో ఎర్రమట్టి. అంకుల్ కంగారులో ఇటు తిప్పాడు. ఇంకో అర్ధచంద్రం.

గడ్డి కోయమన్న చోట గడ్డి పీకి పెట్టాం. అతుకు చూస్తే ఊడేది కాదు. పొద్దున్నే సూపర్‌వైజర్ వస్తాడు.

"ఎందుకు తిప్పారు?" అని అరిచాను. తప్పు నాదని తెలిసే ఇంకా గట్టిగా అరిచాను.

"ఏం కాదన్నావు కదా! తిప్పకుండా ఎలా?" ఆయనా అరిచాడు. "నేరుగా పోయి ఆకాశంలో కలిసిపోవాలా?"

"ఆకాశంలోకి ఎందుకు, దారి మీదకి వెళ్ళండి!"

"ఏ దారి?"

పైన సిమెంటు దారి ఉంది, జనం పరిగెత్తేది. కింద కాలవ పక్కన లారీలు వచ్చే రోడ్డు ఉంది. ఆయన అటు చూశాడు, నేనూ అటే చూశాను. ఇన్నాళ్ళూ ఆయన వాలుకి అడ్డంగా కోసేవాడు, అటు చివర ఇటు చివర గడ్డి మీదే తిప్పుకుంటూ. నిలువుగా కింది నుంచి పైకి, పై నుంచి కిందికి కోస్తే? గడ్డి మీద అసలు తిప్పే అవసరమే లేదు. సిమెంటు మీద చక్రాలు ఎంత గీరుకుంటే మాత్రం ఎవరికి నష్టం!

ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది. బండి కింది రోడ్డు మీదకి దించి, తిన్నగా వాలు ఎక్కి, పైన సిమెంటు మీద కీచుమని తిప్పి, పక్క వరసలో తిన్నగా దిగాడు. గడ్డి పరక కూడా చెదరలేదు. ఇంతలో ఆంటీ చెప్పులు వదిలేసి, లేచిపోయిన గడ్డి పెళ్ళల్ని మళ్ళీ మట్టిలో పెట్టి, పాదాలతో అదుముతోంది. "రేపటికి అతుక్కుంటాది, పరవాయిల్లై" అంది. నేనూ బూట్లు విప్పి చేరాను. చినిగిపోయిన అంచుల కోసం కాలవ అవతల నుంచి గడ్డి తవ్వి తెచ్చాం.

బుధవారం మాకు మీటింగు. నా కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. కింద అంకుల్ పొద్దుట్నుంచీ కోస్తున్నాడు. పైకి కోసిన వరస ముదురు రంగులో, కిందికి కోసిన వరస లేత రంగులో కనిపిస్తోంది. వాలంతా చారల చీరలా ఉంది. అలా వస్తుందని మేమెవరం అనుకోలేదు. గొడుగు వేసుకుని సూపర్‌వైజర్ వచ్చాడు. తిన్నగా మేము అదిమిన చోటికే వెళ్ళాడు. బూటు మొనతో ఒకసారి నొక్కాడు. మేనేజర్ నన్నేదో అడిగాడు, వినలేదు. సూపర్‌వైజర్ వెనక్కి నడిచి, వాలు మొత్తం పైనుంచి కిందిదాకా చూసి, జేబులోంచి చిన్న కెమెరా తీసి ఫొటో తీసుకున్నాడు. ఆ తరవాత అంకుల్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"స్టేడియం లాగా ఉంది లా, పక్క వాలు కూడా నువ్వే చెయ్యి" అన్నాడట. ఆ సంగతి అంకుల్ రాత్రి అన్నం తింటూ చెప్పాడు, ప్రతి ముద్దకీ ఒకసారి.

ఆ తరవాత నేను ఆ ఆఫీసులో ఉన్నంత కాలం ఆయన ఆ వాలు కోస్తూనే ఉన్నాడు. వాచ్‌మన్ కుర్చీలో వేరెవరో కూర్చుని ఉంటారు. ట్రాక్టరు జారడం మానేశాక మావాళ్ళెవరూ కిటికీ దగ్గరికి రాలేదు. నేనొక్కదాన్నే వెళ్ళి నిలబడేదాన్ని. మా అద్దాలు బయటికి నల్లగా కనపడతాయి, లోపల ఎవరున్నదీ కింద నుంచి తెలియదు. నేను ఆ బిల్డింగ్‌లోనే ఉంటానని ఆయనకి తెలుసు గానీ, నాది ఏ కిటికీయో తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు కూడా. అయినా సిమెంటు దారి మీద బండి తిప్పిన ప్రతిసారీ ఆయన టోపీ ఎత్తి, బిల్డింగ్ మొత్తానికీ ఒకసారి ఊపేవాడు.