నల్లద్దం మీద ఒట్టు

పాలకొండలో బస్టాండు దాటిన మలుపున ఉన్నది లక్ష్ముడి దుకాణం. కార్ల సీట్లకు తొడుగులు కుట్టడం, దీపాలు మార్చడం, అద్దాలకు ఫిలిం అతికించడం ఇరవై ఏళ్ళుగా అతని జీవిక. సబ్బునీళ్ళు చల్లి, ఒక్క బుడగైనా మిగలకుండా రబ్బరు పలకతో నీటిని వెలికి నెట్టేటప్పుడు, నైవేద్యవేళ స్వామికి తెర వేసే అర్చకుని శ్రద్ధ ఆ చేతిలో కనిపించేది.

తల్లి లేని లక్ష్ముణ్ణి పెంచినది అక్క రాజకుమారి. ఆమె భర్త తిరుమలరావు బొబ్బిలి రైతు. అతడు కొత్త కారు కొన్నప్పుడు లక్ష్ముడే స్వయంగా ఫిలిం అతికించాడు. కంపెనీ నుంచి వచ్చిన అద్దం కొంత మసకగా ఉండవచ్చునే గాని, దానిపై ఎంత పలుచని పొర అంటించినా నేరమే; అయినా ఆ ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టించుకునేవారు కాదు.

"పల్సందే బావా, ఎవులూ ఏటీ అనరు" అన్నాడు.

ఆరు నెలలకు, వియ్యాలవారిని ఎక్కించుకుని వస్తుండగా పోలీసులు కారు ఆపి, వారి కళ్ళయెదుటే ఆ పొరను చింపించారు. తిరుమలరావు తిన్నగా దుకాణానికి వచ్చాడు.

"నలుగుర్లో నా మొగానికి మసి పూసినావు గదరా! ఈసారి కారునలుపుదే ఏయించుకుంతాను, ఎవుడాపుతాడో సూస్తాను. ఆ నల్లద్దం నా కారుకి ఉన్నంతకాలం మీ అప్ప మొగం నువ్వు సూడవు. ముఖలింగేసుడి మీదొట్టు!"

అన్నంత పనీ చేశాడు. అప్పుడప్పుడు ఫోనులో అక్క గొంతు వినబడేది. దేవుని మీద ఒట్టు గనుక ముఖం మాత్రం చూపేది కాదు.

ఏటా కార్తిక సోమవారాల్లో ఆ దంపతులు శ్రీముఖలింగం వెళ్ళేది ఆ మలుపు మీదుగానే. కారు కనబడగానే లక్ష్ముడు చేతిలో పని విడిచి రోడ్డంచున నిలిచేవాడు. నల్లద్దంలో తన ముఖమే తనకు కనిపించి కదిలిపోయేది. అరూపమైన లింగంలో ముఖం చూపి భక్తుల కన్నులను కృతార్థం చేసిన స్వామిని అతడు కోరినది ఒక్కటే:

"మా అప్ప మొగం ఓపాలి సూపించు తండ్రీ."

మూడు కార్తికాలు గడిచాయి.

నాలుగో ఏట ఆశ్వయుజం చివర తనిఖీలు ముమ్మరమయ్యాయి. మళ్ళీ పట్టుబడిన తిరుమలరావు ఒక్కడే కారు తోలుకుని వచ్చాడు.

"ఎనకద్దానికి మంచు పోగొట్టే సన్నతీగలున్నాయి. మావూరోల్లు పీకితే తెగిపోతాయంతన్నారు" అన్నాడు గోడవైపు చూస్తూ.

"తెగవు బావా. కూకో."

లక్ష్ముడు వేడిగాలి తగిలించి, తీగల వెంబడి అడ్డంగా, వేలెడు వేలెడుగా పొరను ఒలిచాడు. తీగ ఒక్కటీ తెగలేదు. తరువాత ఎడమవైపు వెనుక తలుపు అద్దానికి వచ్చి ఆగిపోయాడు. ఫిలిం అంటించేది లోపలివైపే. దానిపైన, కూర్చున్న మనిషి నుదుటి ఎత్తున, ఎర్రని మరక ఉన్నది. కుంకుమ.

"ఎన్నిపాలులు తుడిసినా మల్లీ వస్తాది" అన్నాడు తిరుమలరావు, ఇప్పటికీ గోడవైపే చూస్తూ. "ఈ మలుపొచ్చిందంటే మీ అప్ప నుదురు ఆనించేస్తాది. లోపల్నించి అంతా కనబడతాది గదేటి."

లక్ష్ముడు ఆ పొరను మరకతో సహా మెల్లగా ఒలిచాడు.

"మరి... ఒట్టు, బావా?"

"నల్లద్దం ఉన్నంతకాలమే అన్నాను గదా! సెవుడా నీకు?"

కార్తికపు తొలి సోమవారం ఉదయం కారు మలుపులో నెమ్మదించి, దుకాణం ముందు నిలిచింది. తేట అద్దం వెనుక కుంకుమ నుదురు, చెంపల మీద లక్ష్ముడు ఎరుగని నెరిసిన జుట్టు. అద్దం కిందికి దిగింది.

అక్క అతణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఆ నీలం సొక్కా పారేసినావేట్రా? పోయిన కార్తీకమంతా మోసెయ్యి సిరిగిందే తొడిగినావు. ఊరోల్ల సీట్లకి కుట్లేస్తావు, నీ సొక్కాకి ఒక్క కుట్టు ఏసుకోనేవా?"