నీళ్లు పోసే అవ్వకు చెప్పని జవాబు

చెప్తమన్నరు, చెప్పలే. అడిగిన మనిషి ఆ జవాబు కొరకు ఎదురుచూసుకుంటనే పోయింది. మా ఎదురింటి అవ్వ మొన్న జిల్లా దవాఖానల నెమ్ము చేసి సచ్చిపోయింది.

మీకు ఆమె తెల్వది. మర్రిగూడ దిక్కు మా ఊర్ల మాత్రం పసిపిల్లలకు నీళ్లు పోసే అవ్వంటే అందరికీ ఎరికే. నేను పత్తి మిల్లుల పనిచేస్త. నా బిడ్డ పుట్టినప్పుడు నీళ్లు పోసింది గూడ ఆమెనే. పీట మీద కూసొని కాళ్లు రెండూ సాపి, పిల్లను పిక్కల మీద బోర్ల పండవెట్టి నూనె రాసేది. నీళ్ల వేడి ముందు తన మోచెయ్యి మీద సూసుకునేది. ఆఖరుకు పిల్ల ముక్కుల, చెవుల నీళ్లు నిలవకుంట నోటితోటి గట్టిగ ఊదేది. బిడ్డ కెవ్వుమంటే నేను ఉరికొచ్చేదాన్ని.

"నీ బిడ్డను నేనేం ఎత్కపోతలేనే. ఏడ్వనీ. ఏడ్చిందంటే ఊపిరి మంచిగున్నట్టే" అనేది.

సాంబ్రాణి పొగ పట్టి నా చేతులకిచ్చేసరికి బిడ్డ నిద్రల ఉండేది.

హైద్రాబాద్ నుంచి టీకా పరిశోధనోళ్లు వచ్చినప్పుడు ఒక్క తల్లి గూడ పిల్లను ఇయ్యలే. ముక్కుల దూది పుల్ల పెట్టి ఏదో తీస్తమంటే ఎవరిస్తరు? అవ్వ ఇంటింటికీ తిరిగి చెప్తేనే ఒప్పుకున్నరు. తెల్లారి ఆమె ఏం చేసిందంటే, పట్నపోళ్ల ముందట ఊరి పరువు పోవద్దని పిల్లలందరి ముక్కులు చీది, ఊది, నూనె బట్టతోటి తుడిచి, బొట్టు పెట్టి వరుసగ కూసోవెట్టింది. డాక్టరమ్మ తల పట్టుకున్నది.

"అవ్వా, మాకు ఆ ముక్కులో ఉండేదే కావాలి!"

"చీమిడా? గింత సదువు సదివి చీమిడి కొరకు వచ్చిండ్రా బిడ్డా?"

అందరం కడుపులు పట్టుకొని నవ్వినం. పిల్లల్ని మల్ల తెల్లారి తుడవకుంట తోల్కరమ్మన్నరు.

ఆ డాక్టరమ్మ మంచిదే. అరుగు మీద కూసొని అర్థమయ్యేటట్టు చెప్పింది. నెమ్ము, అంటే న్యుమోనియా, తెచ్చే ఒక క్రిమి ముందుగాల ముక్కు వెనుక సప్పుడు లేకుంట కాపురం పెడ్తదంట. దానికి అంగి లెక్క పైన ఒక పొర ఉంటది. ఇప్పుడున్న టీకా కొన్ని అంగిలనే గుర్తుపడ్తది. వేరే అంగి ఉన్న రకం తప్పించుకుంటది. మన ఒంట్ల టి కణాలని కావలి కణాలున్నయంట. అవి అంగిని కాదు, లోపలి ముక్కల్ని గుర్తుపడ్తయి, క్రిమిని తినే కణాలను ముక్కులకు పిలుస్తయి. వాటికి ముందే నేర్పే టీకా చేస్తే, ఏ అంగి ఏసుకొచ్చినా క్రిమి ముక్కుల జాగా పట్టకుంట అవుతదని వాళ్ల ఆశ. జబ్బు దాకా రానిచ్చుడు కాదు, గడపలనే ఆపుడు.

"అంగి మార్చినా నడక సూసి దొంగను పట్టినట్టు" అన్నది అవ్వ.

"అంతే అవ్వా. ఇది ఊపిరితో, తుంపరలతో ఒకరి నుంచి ఒకరికి పోతుంది."

అవ్వ నవ్వు ఆగిపోయింది. "మరి ముక్కుల ఊదితే?"

డాక్టరమ్మ "ఊదొద్దవ్వా" అన్నది. గంతే.

అంతకుముందు వానకాలం మా వాడకట్టుల ఒక పసిగుడ్డు నెమ్ము చేసి పోయింది. ఆ పిల్లకు నీళ్లు పోసింది అవ్వనే.

"నా ముక్కుల గూడ సూడుండ్రి. ఉంటే ఉన్నదని చెప్పుండ్రి" అని మొఖం పైకెత్తింది. పుల్ల పెట్టి తీస్కున్నరు. చెప్తమన్నరు. జీపెక్కి పోయిండ్రు.

ఆ దినం నుంచి అవ్వ ఏ పిల్లనూ కాళ్ల మీద ఏసుకోలే. బాలింతలు వచ్చి బతిమాలితే, "నా ముక్కుల ఏమున్నదో తెల్వనీ, అప్పుడు వస్త" అనేది. సచ్చిపోయిన పిల్ల తల్లి ఎదురైతే వేరే సందులకెల్లి పోయేది.

నేనే పరిశోధనోళ్ల ఆఫీసుకు ఫోన్ చేసిన.

"పేర్లు తీసేసి నంబర్లు పెట్టామమ్మా. ఒక్కొక్కరికి చెప్పే పద్ధతి లేదు."

"మరి చెప్తమని ఎందుకన్నరు సారూ?"

"ఎవరన్నారు?"

నేను పదోతరగతి దాటలే. మిల్లుల బువ్వ తినే యాళ్ల ఫోన్ల వెతికి వెతికి చదివిన. చదివినకొద్దీ తికమక అయితాంది. క్రిమి ముక్కుల ఉన్నోళ్లందరికీ జబ్బు రాదంట. చానామంది పిల్లల ముక్కుల కొన్నిదినాలు ఉండి, దానంతట అదే పోతదంట. పిల్లల నుంచి ముసలోళ్లకు గూడ వస్తదంట. అంటే అవ్వ పిల్లలకిచ్చిందా, పిల్లలే అవ్వకిచ్చిండ్రా? నెమ్ము ఈ ఒక్క క్రిమితోనే రాదు గూడ. అవ్వను ఏది తీస్కపోయిందో దవాఖానల ఎవరూ చెప్పలే. పిల్ల పోయినంక అవ్వ ముక్కుల పెట్టి తీసిన పుల్ల, ఆ పిల్ల ఎందుకు పోయిందో చెప్పజాలదని నాకూ తెలుస్తాంది. మరి ఎందుకు అడుగుతున్న? గీ ముక్కనన్న వచ్చి అవ్వకు చెప్పాలె గద! "నీ వల్లనే అని ఎవరూ అనలేరు అవ్వా" అని ఒక్క మాట అంటే ఆమె మల్ల పీట ఏసుకొని కూసునేదేమో. కూసునేది కాదేమో. నాకు సమజైతలేదు. ఎవరి మీద కోపం పడాల్నో గూడ సమజైతలేదు.

టీకా వద్దంటలేను. రావాలె. వస్తే నా బిడ్డకే ముందుగాల ఏపిస్త. గని మా ముక్కులల్ల చీమిడి తీస్కపోయినోళ్లకు జవాబు తిరిగి తెచ్చిచ్చే బాధ్యత లేదా?

పరిశోధనోళ్లారా, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస లోపల రాండ్రి. మా వాడకట్టు ఆడోళ్లందరి ముందట, ఆ పిల్ల తల్లి ముందట, తెలుగుల చెప్పుండ్రి. అవ్వ ముక్కుల క్రిమి దొరికిందా లేదా? దొరికితే దాంతోటి ఏం తెలుస్తది, ఏం తెల్వది? నంబర్లల్ల ఆమెది ఏదో కనిపెట్టుడు చేతగాకుంటే, చేతగాదని నిలవడి చెప్పుండ్రి. పెత్రమాస నాడు అవ్వ కోడలు చాటల బియ్యం, బీరకాయలు పెట్టుకొని, అయ్యగారు పేరడిగితే అత్త పేరు చెప్పి దానమిస్తది. బియ్యం ఆయన జోలెల పడేలోపల మీ జవాబు మా వాకిట్ల ఉండాలె.