బుజ్జి పట్టుకుపోయిన ఏడెనిమిదులు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, ఉత్సాహం అంతకంటే కొత్త. రాజాం దగ్గర ఓ పల్లె బడిలో చేరగానే, శిక్షణలో విన్నదంతా ఒక్క వారంలో అమలు చేసేయాలని మూడో తరగతి పిల్లల్ని నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టాను. ఏ జట్టు లక్ష్యం ఆ జట్టే చార్టు మీద రాసుకోవాలి. చిట్టి జట్టు 'ఏడో ఎక్కం' అని రాసింది. చిట్టి అంతటితో ఊరుకుందా, నా వైపు తిరిగి "మరి మీ లచ్చిం ఏటి మాస్టారూ?" అంది. నేను గొప్పకు పోయి 'శుక్రవారం దాకా ఎవర్నీ కసరను' అని కింద రాశాను (సోమవారం మధ్యాహ్నానికే పశ్చాత్తాపపడ్డాను).

హెడ్మాస్టారికి ఇవేవీ గిట్టవు. "ఎక్కాలంటే గొంతెత్తి అరవాలి గానీ ఈ గుసగుసలేటయ్యా? శుక్రవారం ఆఫీసరు గారొస్తన్నారు. ఆయన పెదవి విరిచారో, నీ చార్టులు మధ్యాహ్న భోజనం పొయ్యిలోకే" అని తేల్చేశారు. ఆ నాలుగు రోజులూ నేను జట్ల చుట్టూ తిరుగుతూ, ఒక్కొక్కరి నోట ఎక్కం ముక్కలు ముక్కలుగా వింటూ, అబ్బో వచ్చేసిందని మురిసిపోయాను.

శుక్రవారం ఆఫీసరు గారు వచ్చీ రాగానే చిట్టిని లేపి, "ఏడెనిమిదులు ఎంతమ్మా?" అన్నారు. చిట్టి ఏమాత్రం తడబడలేదు. "అది నా వాటా కాదండి. బుజ్జిది. అది నిన్ననే అమ్మమ్మోరింటికి బొబ్బిలెల్లిపోనాది" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఉభాల్లో, అదే వరినాట్లప్పుడు, మడిని ముక్కలుగా పంచుకుని నారు నాటే తల్లుల పిల్లలు కదా, ఎక్కాన్ని కూడా అలాగే పంచేసుకున్నారు! చిట్టికి నాలుగు నుంచి ఆరు దాకా, బుజ్జికి ఏడూ ఎనిమిదీ, మిగతాది మిగిలిన ఇద్దరికీ. హెడ్మాస్టారు పొయ్యి వైపు చూశారు. "ఒసే..." అని నోరు తెరిచానో లేదో, ఎదురుగా చార్టు మీద నా చేతిరాతే కనబడింది. నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

ఎవరూ మాట్లాడకపోయేసరికి చిట్టి వేళ్ళు కదిలాయి. "ఏడార్లు నలభై రెండు, అది నాది. దానికో ఏడు, ఇంకో ఏడు... యాభై ఆరండి! ఉభాలకి ఒకలు రాకపోతే ఆల ముక్క పక్కోలే నాటీయాల గదండి" అంది. ఆఫీసరు గారు పకపకా నవ్వి, "ఇది అరిస్తే వచ్చేది కాదండీ" అని హెడ్మాస్టారి భుజం తట్టారు (ఆయన ఏడొకట్ల దగ్గర లోలోపల మొదలుపెట్టి, ఇంకా ఏడైదుల దగ్గరే ఉన్నారని పెదవులు చెబుతూనే ఉన్నాయి). చార్టులు గోడ మీదే ఉండిపోయాయి.

సాయంత్రం చిట్టి లక్ష్యాల పక్కన టిక్కులు పెడుతూ, నా దగ్గరకొచ్చేసరికి సగమే గీసి ఆపేసింది. "ఇదేటే?" అన్నాను. "'ఒసే' అన్నారు గదా మాస్టారూ. సగమే!" అంది.

ఇప్పుడు కొత్త టీచర్లకు జట్టుపని గురించి నేనే పాఠాలు చెబుతున్నాను. పిల్ల ఆలోచిస్తున్నప్పుడు మనం నోరు మూసుకోవడమే అందులో మొదటి పాఠమని గంటసేపు, ఎవర్నీ నోరెత్తనివ్వకుండా, ఊదరగొడతాను. చిట్టి గనక వింటే ఆ సగం టిక్కూ చెరిపేస్తుంది.