విజిల్ మేష్టారి సైకిలూ, నా తాళమూ

సైకిలు దిగగానే తాళం వెయ్యడం, వేశాక రెండుసార్లు లాగి చూడడం, పది అడుగులు వెళ్లి వెనక్కి తిరిగి మరోసారి చూసుకోవడం, ఇవన్నీ బుద్ధిమంతుల లక్షణాలని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. బీయెస్సీ పూర్తయి, బీయీడీలో సీటు రాక, అనకాపల్లి గవరపాలెం సందుల్లో ఉన్న ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతుండేదాన్ని. సెల్‌ఫోన్లు ఊళ్లోకి వచ్చాయి గానీ మా స్టాఫ్ రూములోకి ఇంకా రాలేదు. నాకున్న ఆస్తల్లా అన్నయ్య ఉద్యోగానికి వెళుతూ వదిలిపెట్టిన సైకిలు. అమ్మ రోజూ పొద్దున్నే దాని హ్యాండిలు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపేది. నాన్నా విశ్వాసే గానీ, ప్రార్థనకి తోడు తాళం కూడా ఉండాలనే రకం. ఆయన కొనిచ్చిన తాళం వేలెడు లావున, ప్లాస్టిక్ తొడుగు లోపల ఇనుప తీగలు మెలేసి, చివర పిడికెడంత కప్పతో ఉండేది. దాంతో ఏనుగు పిల్లని కట్టేసినా కదలదు (నా సైకిలుని ఎత్తుకెళ్లే దొంగ ఎవడైనా ఉంటే, వాడు రెండో సందులోంచే తిరిగి తెచ్చి అప్పగించేవాడన్నది వేరే సంగతి).

ఆ స్కూల్లో నేను భయపడనిది ఆయమ్మకి ఒక్కదానికే. అందరికంటే ఎక్కువ భయం డ్రిల్లు మేష్టారంటే. యాభై దాటిన మనిషి, వెదురుబొంగులా నిటారుగా ఉండేవారు. మెడలో ఎప్పుడూ విజిలు వేలాడేది కాబట్టి పిల్లలు చాటుగా విజిల్ మేష్టారనేవారు. మేమూ చాటుగా అదే అనేవాళ్లం. నేను చేరిన కొత్తలో ఒకరోజు నా క్లాసు సంతలా గోలగా ఉంటే, ఆయన కిటికీ దగ్గరికి వచ్చి ఒక్కసారి విజిలు ఊదారు. పిల్లలందరూ ఠక్కున కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఆ తరవాత మూడు నెలలు ఆయన ఒక వరండాలో వస్తుంటే నేను ఇంకో వరండాలోంచి వెళ్లేదాన్ని.

అలాంటి మనిషి సైకిలుకి నేను తాళం వేశాను. కావాలని కాదు. వానాకాలం, పొద్దున్న దారంతా బురద, నేను చేరేసరికి బెల్లు మోగుతోంది. మెట్ల కింద గోడకి వరసగా ఆనించిన సైకిళ్ల పక్కన నాదీ ఆనించి, వంగి, చేతికి దొరికిన చక్రంలోంచి తాళం దూర్చి, నా సైకిలు కమ్మీ చుట్టూ తిప్పి బిగించేశాను. అలవాటు ప్రకారం రెండుసార్లు లాగి చూశాను. గట్టిగానే ఉంది. పది అడుగులు వెళ్లి వెనక్కి తిరిగి కూడా చూశాను. ఏం చూశానో దేవుడికే తెలియాలి, ఎందుకంటే నా తాళం దూరిన చక్రం నాది కాదు, విజిల్ మేష్టారి సైకిలు వెనక చక్రం.

సాయంత్రం నాలుగింటికి బడి వదిలాక నేను మెట్ల కిందికి వచ్చేసరికి ఆయన అక్కడ నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఎప్పుడూ లేనిది నుదుటి మీద పౌడరు కూడా రాసుకుని ఉన్నారు.

"ఈ తాళం ఎవలిదండీ?" అన్నారు, గోడని అడిగినట్టు.

"నాదే మేష్టారూ."

"మరి సైకిలు?"

"ఒకటి నాదండీ."

"రెండోది నాది గదా టీచరమ్మా. నాదెందుకు కట్టేసేవు?"

దీనికి జవాబు బీయెస్సీలో చెప్పలేదు. గబగబా తాళంచెవి తీసి కప్పలో పెట్టి తిప్పాను. పొద్దుటి బురదనీళ్లు లోపలికి దిగినట్టున్నాయి, సగం తిరిగి ఆగిపోయింది. ఆయన గడియారం చూసుకున్నారు. ఆ చూపుకి కంగారుపడి బలం కొద్దీ తిప్పాను. టక్కుమని శబ్దం వచ్చింది. తెరుచుకుందని సంతోషించి చెయ్యి వెనక్కి తీస్తే, నా వేళ్ల మధ్య తాళంచెవి తల మాత్రమే ఉంది. ఒళ్లు లోపలే ఉండిపోయింది.

తరవాతి పావుగంటలో ఆ తాళానికి జరగని వైద్యం లేదు. ఆయమ్మ తలకి రాసుకునే కొబ్బరినూనె తెచ్చి పోసింది. నేను తలపిన్నుతో కెలికాను. పిన్ను వంకరపోయింది. చివరికి మేష్టారు ఆటసామాను గదిలోకి వెళ్లి షాట్‌పుట్ ఇనపగుండు పట్టుకొచ్చారు. "జరగండి" అని, భుజం దాకా ఎత్తి, జిల్లా పోటీల్లో విసిరినంత శ్రద్ధగా కప్ప మీద కొట్టారు. కప్ప చొట్టపడి, లోపల మిగిలున్న కాస్త ఆశ కూడా మూసుకుపోయింది. సందు చివర సైకిలు షాపుకి పరిగెత్తి చూస్తే తలుపులు వేసి ఉన్నాయి. ఓనరు పెళ్లికి సబ్బవరం వెళ్లాడట.

అప్పుడు మేష్టారు మెట్ల మీద కూలబడ్డారు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఆయన తిట్టలేదు. నేలకేసి చూస్తూ మెల్లిగా అన్నారు.

"అయిదు గంటలకి రోలుగుంట బస్సొత్తాది టీచరమ్మా. మా ఇంటావిడ వత్తంది. నెల్లాళ్లయింది పుట్టింటికెల్లి."

"చుట్టపుచూపుగా వెళ్లారాండీ?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అలిగెల్లింది. మా తోడల్లుడి కూతురి పెళ్లికి బయల్దేరుతుంటే ఆవిడ చీర కడతంది. నేను స్టాప్‌వాచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. బయటికి రాగానే చుట్టాలందరి ముందూ 'ముప్పై ఒక్క నిమిషం' అన్నాను. సరదాకే అన్నాను. ఆవిడ లోపలికెల్లి అదే చీరతో పెట్టె సర్దుకుంది."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం కూడా వచ్చింది. రెండూ కలిసి దగ్గుగా బయటపడ్డాయి.

"నిన్న కబురెట్టింది. బస్సు ఆగేసరికి నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కనిపిత్తేనే దిగుద్దంట. కనిపించకపోతే సీట్లోంచి లెగదు, ఆ బస్సులోనే తిరిగి ఎల్లిపోద్దంట. అన్నంత పనీ సేత్తాది."

"అయితే మీరు ఆటోలో వెళ్లండి మేష్టారూ! సైకిళ్లు నేను చూసుకుంటాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "సైకిలేసుకునే వత్తానని కబురెట్టేను. పెళ్లైన కొత్తలో ఎనకాల కేరేజీ మీద కూకోబెట్టుకుని ఊరంతా తిప్పేవోణ్ని. అది గుర్తుసేత్తేనే గదా ఒప్పుకుంది." లేచి నిలబడి చొక్కా సర్దుకున్నారు. "కాంప్లెక్స్ పక్కన పంచరు షాపుంది. ఆడు కోసీగలడు. పద, రెండూ అలాగే తీసుకెల్లిపోదాం."

అలా బయలుదేరాం. ఆయన వెనక చక్రం తిరగదు కాబట్టి ఒక చేత్తో సీటు పట్టుకుని పైకెత్తి, రెండో చేత్తో హ్యాండిలు నడిపించాలి. నేను పక్కనే నా సైకిలు తోసుకుంటూ జానెడు దూరం కూడా తప్పకుండా నడవాలి. నేను వెనకబడితే తాళం లాగి ఆయన తూలేవారు, ముందుకెళితే నా పెడలు ఆయన మోకాలికి తగిలేది. మొదటి సందు దాటేసరికి ఆయనలోని డ్రిల్లు మేష్టారు మేలుకున్నారు. "లెఫ్ట్ ముందు, టీచరమ్మా. లెఫ్ట్... రైట్... లెఫ్ట్..." మెయిన్ రోడ్డు మీద, బెల్లం లోడు లారీల పక్కన, చున్నీ నడుముకి బిగించుకుని నేను కవాతు చేశాను. ఇస్త్రీ బండి దగ్గరున్న ముసలాయన "ఏటమ్మా, సైకిళ్లకి కూడా పెళ్లి సేసేత్తన్నారేటి?" అన్నాడు. మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడ ఆటోలోంచి తల బయటపెట్టి నన్ను గుర్తుపట్టింది (ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మకి తెలియజేసింది కూడా). ఇద్దరు కుర్రాళ్లు సాయం పడతామని వచ్చి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక మా చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయారు. మేష్టారు ఎవరి మొహం చూడలేదు. పౌడరు చెమటకి చారలు కట్టింది. పావుతక్కువ అయిదు అయినప్పుడు సీటు ఆయన చేతిలోంచి రెండుసార్లు జారింది. "కాసేపు నేను ఎత్తుతానండీ" అన్నాను. "నువ్వు స్టెప్పు తప్పకుండా ఉంటే అదే సాలు" అన్నారు. నేను స్టెప్పు తప్పలేదు. జీవితంలో ఏ పరీక్షకీ అంత శ్రద్ధ పెట్టలేదు.

మేం కాంప్లెక్స్ గేటులోకి వచ్చేసరికి అయిదు దాటి పది నిమిషాలు. రోలుగుంట బస్సు అప్పటికే జనాన్ని దింపి, మళ్లీ ఎక్కించుకుని, వెనక్కి కదులుతోంది. కిటికీ పక్క సీట్లో ఒకావిడ, ఒళ్లో సంచి, మొహం అటువైపు.

మేష్టారు ఒక్క క్షణం చూశారు. తరవాత సీటు వదిలేశారు, హ్యాండిలు వదిలేశారు, పరిగెత్తారు. రెండు సైకిళ్ల బరువూ ఒక్కసారిగా నామీద పడింది. నేను సైకిళ్ల కింద, సైకిళ్లు బురదలో. అక్కడినుంచే చూశాను: ఆయన బస్సు వెనక్కి వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. బస్సు కుదుపుతో ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి "ఏటండీ, బండి కింద పడిపోదామనేటి?" అని అరిచాడు.

"మా ఇంటావిడ దిగాలి" అన్నారు మేష్టారు.

"ఆవిడ దిగనంది గదండీ! మూడుసార్లు అడిగేను!"

ఆ మాటలకి ఆవిడ మొహం ఇటు తిప్పింది. మొగుణ్ని చూసింది. చారలు కట్టిన పౌడరు, మోకాలి దాకా బురద, చెమటకి ఒంటికి అంటుకుపోయిన ఇస్త్రీ చొక్కా. సంచి తీసుకుని లేచింది. మెట్లు దిగి, ఆయన పక్కన నిలబడి, ఆయన చూపిస్తున్న వైపు చూసింది. నేను అప్పటికి సైకిళ్ల కిందనుంచి సగం బయటికి వచ్చాను. లేవలేక కూర్చున్నచోటే నమస్కారం పెట్టాను.

ఆవిడ రెండు సైకిళ్లనీ, వాటి మధ్య తాళాన్నీ చాలాసేపు చూసింది.

"ఒకటేసుకొత్తానని కబురెట్టి రెండు తెచ్చేరేటి?" అంది. "రెండోది నాకేటి? నాకు తొక్కడం రాదని ముప్పై ఏళ్లయినా తెల్దేటి మీకు?"

ఆవిడ పెదాలు బిగబట్టింది, కాసేపటికి ఆపుకోవడం చేతకాక నవ్వేసింది. ఆ నవ్వు విన్నాక ఆయనా నవ్వారు. మూడు నెలల్లో నేను ఆయన పళ్లు చూడడం అదే మొదలు. ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపి, తన చీర కొంగుతో నా మోచేతి బురద తుడిచింది. పంచరు షాపతను ఆక్సా బ్లేడు తెచ్చి తాళాన్ని కోస్తున్నంతసేపూ సంగతంతా నాచేత మొదటినుంచీ చెప్పించుకుంది. ఇనపగుండు దగ్గరికి వచ్చేసరికి నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకుంది. తాళం తెగాక ఆవిడ కేరేజీ మీద కూర్చుంది, సంచి హ్యాండిలుకి వేలాడింది, మేష్టారు కాస్త వంకరటింకరగా తొక్కుకుంటూ లారీల మధ్యలోకి వెళ్లిపోయారు.

నేను ఇంటికి వెళ్లి ఆయనకి క్షమాపణ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నోటితో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇంగ్లీషులో రాస్తే మర్యాదగా ఉంటుందనిపించింది. అప్పటిదాకా నేను ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలన్నీ జ్వరానికి సెలవు చీటీలే కావడంతో, కలం తనకి తెలిసిన దారినే పోయింది. 'రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ సైకిల్ లాక్, ఐ రిక్వెస్ట్ యూ టు ఎక్స్‌క్యూజ్ మీ ఫర్ వన్ డే' అని రాసి, కింద 'యువర్స్ ఒబీడియెంట్లీ' అని సంతకం పెట్టాను. రెండుసార్లు చదువుకుని, బాగా వచ్చిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న ప్రేయరు అయ్యాక అందించాను. ఆయన గ్రౌండు మధ్యలో నిలబడి మొత్తం చదివారు. మొహంలో ఏ మార్పూ లేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కింద ఏదో రాసి, మడిచి నా చేతికిచ్చి వెళ్లిపోయారు. నేను మెట్ల కింద ఎవరూ లేనిచోటికి వెళ్లి విప్పి చూశాను. 'గ్రాంటెడ్. వన్ డే ఓన్లీ' అని ఉంది.

ఇప్పుడు నాదగ్గరికీ కొత్త టీచర్ల సెలవు చీటీలు వస్తుంటాయి. సంతకం పెట్టేముందు ఒక్కొక్కసారి ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఆ చీటీని పట్టుకుని ఆ రోజంతా ఆలోచించింది, పాపం. మేష్టారు వేళాకోళం చేశారని దానికి తట్టలేదు. క్షమాపణ గడువు ఒక్కరోజే కదా, రెండోరోజుకి మళ్లీ రాసివ్వాలేమోనని ఇంకో తెల్లకాగితం కూడా తీసి పెట్టుకుంది.