అమ్మకు నేను పెట్టిన పుట్టుమచ్చ

మనిషి పోయాక ఇక ఏ నష్టమూ జరగదని అనుకుంటాం. మీరూ అలాగే అనుకుంటుంటే ఆ నమ్మకాన్ని ఇప్పుడే వదిలేయండి. మా అమ్మ పెద్దకర్మ రోజున, వచ్చిన చుట్టాలందరి ఎదుట, చేతిలో ఒక మౌస్ తప్ప మరే ఆయుధమూ లేని నేను ఆమెకు ఎంత నష్టం చేశానో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఆమె ఉంటే అందరికంటే ముందు ఆమే నవ్వేది.

మాది బూర్గంపాడు. పెద్దకర్మ అంటే ఇంటి ముందు పోయినవాళ్ళ ఫ్లెక్సీ ఉండాల్సిందే. కూరలో ఉప్పు తక్కువైతే క్షమిస్తారు, ఫ్లెక్సీ లేకపోతే క్షమించరు. అందుకని వంతెన దాటి భద్రాచలంలో యాకూబ్ భాయ్ దుకాణానికి వెళ్ళాను. వాళ్ళ తాత బోర్డులు రాసేవాడు, తండ్రీ రాసేవాడు, ఈయన ఫ్లెక్సీలు కొడతాడు.

"ఫోటో ఇయ్యి తమ్మీ, మిగిలింది నేను జూస్కుంట. ఎనక మబ్బులు, అటొకటి ఇటొకటి పావురం, మెడల రెండు పేటల గొలుసు."

"మా అమ్మకు గొలుసు లేదు భాయ్."

"ఇప్పుడన్న ఉండనీయి."

"వద్దు. మబ్బులు, పావురాలు ఏవీ వద్దు. అమ్మ ఒక్కతే ఉండాలె. ఎట్లుండెనో అట్లనే."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "గులాబీలన్న?"

"వద్దు."

ఇంత గట్టిగా చెప్పి వచ్చాక తెలిసింది, అసలు ఫోటోయే లేదని. ఎవరు ఫోను ఎత్తినా అమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది. నా ఫోనులో ఆమె కొంగువి బోలెడు ఫోటోలున్నాయి. చివరికి ట్రంకు పెట్టె అడుగున, ఎవరిదో పెళ్ళిలో తీసిన పోస్టుకార్డంత ఫోటో దొరికింది. అందులో ఆమె ముఖం రూపాయి బిళ్ళంత. దాన్ని అలాగే ఫ్లెక్సీకి పెంచితే ముఖం గళ్ళ లుంగీలా విడిపోతుంది.

నాకు దానికి మార్గం తెలుసు. ఖమ్మంలో పుస్తకాల అట్టలకు బొమ్మలు వేసే ఉద్యోగం చేస్తున్నాను. వెక్టర్ బొమ్మ అంటే ఏమీ లేదు. ఫోటోను తెర మీద పరిచి, దాని మీదే గీస్తూ, నీడకో ముక్క, వెలుగుకో ముక్క చొప్పున రంగులు పేర్చాలి. పని అయ్యాక కింది ఫోటోను తీసేస్తే పైన మనిషి మిగులుతుంది. గోడంత పెంచినా చెదరదు.

నాకు నలుగురిలో ఏడుపు రాదు. కాబట్టి కూర్చుని గీశాను. సాగిన చెవి రంధ్రం, కనుబొమల మధ్య ముడత, నుదుటి దగ్గర తెల్లబడిన వెంట్రుకలు, ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ దిద్దలేదు. అలా గీస్తూ ఎడమ బుగ్గ దగ్గరికి వచ్చి బాగా పెంచి చూస్తే, అక్కడ ఒక గోధుమరంగు చుక్క ఉంది. ఆమె ఒళ్ళో పెరిగి ఈ పుట్టుమచ్చను చూడనేలేదే అని నా మనసు కలుక్కుమంది. మీరైతే ఏం చేసేవారు? ఫోటోను ఒకసారి తుడిచి చూసేవారు. నేను తుడవలేదు. ఆ చుక్కకు అంచు గీశాను, కింద నీడ వేశాను, పైన సన్నని మెరుపు కూడా పెట్టాను. కళ్ళ మీద కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

ఫ్లెక్సీ మీద అది ఇప్పగింజంత అయింది. అలాగే నిగనిగలాడింది కూడా.

ముందుగా చూసింది సుగుణత్త, నాన్న చెల్లెలు.

"అగో, వదిన పుట్టుమచ్చ," అంది కళ్ళొత్తుకుంటూ. "పెండ్లిచూపులకు నేను పోయిన గదా. ముందుగాల గదే జూసిన. ఈ పిల్లొస్తే ఇంటికి కలిసొస్తదని అన్నకు నేనే చెప్పిన."

"అవ్, నవ్వితే ఇంకింత పెద్దగయ్యేది," అంది పక్కనున్న ఆవిడ.

నా పనితనానికి నేనే మురిసిపోయాను. భోజనాల వేళకు చూస్తే నాన్న తినడం లేదు. ఫ్లెక్సీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"తినవా నాన్నా?"

"ఎప్పటి నుంచి ఉన్నదిరా ఆమెకు గది?"

"పుట్టుమచ్చనా? పుట్టినప్పటి నుంచే ఉంటది గద నాన్నా."

"ఇన్నేండ్లు ఆమె ముంగట కూసోని తిన్న. ఊరందరికి ఎర్కే. నాకే తెల్వకపాయె. ఇగ నేనేం మొగుణ్ణి బిడ్డా."

అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. లోపలికి పరుగెత్తి, ఫోటోను కిటికీ వెలుగులో పెట్టి, గోటి కొసతో మెల్లగా గీకాను. చుక్క ఊడి గోటికి అంటుకుంది. కింద నున్నటి బుగ్గ. వరదకు మా ఇంట్లో నీళ్ళొచ్చినప్పుడు ఆ ట్రంకు పెట్టె మునిగింది. నేను అంత శ్రద్ధగా మెరుపు దిద్దింది గోదావరి ఒండ్రుకు.

గోరూ ఫోటో రెండూ నాన్నకు చూపించాను. ఆయన నన్ను తిట్టలేదు. ఫోటోను చాలాసేపు చూసి, లేచి, తిన్నగా ఫ్లెక్సీ దగ్గరికి నడిచాడు. అక్కడ సుగుణత్త కొత్తగా వచ్చినవాళ్ళకు పెళ్ళిచూపుల కథ చెబుతోంది.

"సుగుణా, ఆమెకు పుట్టుమచ్చ లేదు."

"ఉంది అన్నా. నా కండ్లతో జూసిన."

"లేదు."

"నువ్వేడ జూసినవ్. ఎన్నడన్న తల ఎత్తి తిన్నవా?"

"తల ఎత్తకపోతేంది. ఆమె వంగి వడ్డించేటప్పుడు రోజు జూసిన. ఎడమ బుగ్గ నా దిక్కే ఉండేది."

అమ్మ గురించి నాన్న అంత పొడుగు మాట చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. "తీసెయ్‌రా దాన్ని," అన్నాడు నాతో.

కంప్యూటరులో తీసేయడానికి క్షణం పట్టలేదు. ఫ్లెక్సీ మీద నుంచి ఎవడు తీస్తాడు? యాకూబ్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఎట్లుండెనో అట్లనే అంటివి గద తమ్మీ. గులాబీలు పెట్టనిస్తే ఒకటి బుగ్గ మీదికి జరిపేటోణ్ణి. మొత్తం మళ్ల కొట్టాలంటే పొద్దు పోతది. బుగ్గ ఒక్కటి కొట్టిస్త, జల్దీ వచ్చి తీస్కపో."

అలా అమ్మ బుగ్గను చుట్టలా చుట్టి, బండి మీద వంతెన దాటించి తెచ్చాను. నాన్నే బల్ల ఎక్కి అతికించాడు. అరచేత్తో అంచులు నిమిరాడు, అవసరమైనదాని కంటే ఎక్కువసేపే. పుట్టుమచ్చ పోయింది. కాకపోతే కొత్త ముక్క రంగు ఒక పిసరు లేత. పైగా నలుచదరంగా కత్తిరించారు. దగ్గర నుంచి బాగానే ఉంది. గేటు దగ్గర నుంచి చూస్తే అమ్మ బుగ్గకు ఎవరో దవాఖానా పట్టీ వేసినట్టుంది.

సాయంత్రం మధిర చుట్టాలు దిగారు. గేటు దగ్గరే ఆగిపోయారు.

"అయ్యో, చెంప మీద ఆ కట్టేంటి?"

నేను నోరు తెరిచేలోపు సుగుణత్త అందుకుంది.

"పడ్డది పాపం. పోయేముందు గడప కాడ జారి పడ్డది. ఆ పట్టీ నేనే ఏసిన."

నాన్న నావైపు చూశాడు. అమ్మ పోయాక మొదటిసారి నవ్వాడు. తర్వాత తనకు విస్తరి వేయమన్నాడు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మబ్బులూ గొలుసులూ పెట్టమంటే ఇప్పటికీ పెట్టను, అందులో మార్పు లేదు. కానీ ఇకపై ఎవరి ఫోటో మీద గీత పెట్టాలన్నా ముందు దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాను. ఆ ముఖాన్ని రోజూ చూసినవాళ్ళను అడుగుతాను. సుగుణత్తను మాత్రం, ఎంత అలిగినా సరే, అడగను.