గాజుపలక మీద దొర

పరిశోధన పేరుతో మనుషులు చేసే అఘాయిత్యాలకు ఎక్కడైనా పోటీ పెడితే మొదటి బహుమతి నాకే రావాలి. తొందరపడి చప్పట్లు కొట్టకండి. సంగతి విన్నాక బహుమతితోపాటు రెండు మొట్టికాయలు కూడా మీరే వేస్తారు.

రెండు వేల మూడో, నాలుగో. కర్నూల్లో జంతుశాస్త్రంలో పరిశోధన వెలగబెడుతున్నాను. కర్నూలు మెట్టల్లో తిరిగే కౌజుపిట్టకూ, కడప మెట్టల్లో తిరిగే కౌజుపిట్టకూ క్రోమోజోముల్లో ఏమైనా తేడా ఉందా అని తేల్చడం నా పని. మా అమ్మ ఊళ్లో అందరికీ "మావోడు పిట్టల డాక్టరు" అని చెప్పుకునేది. ఈ డాక్టరు చేతికొచ్చిన పిట్ట ఒక్కటీ బతికి బయటపడలేదని ఆమెకు తెలియదు. ఎముకల్లో మూలుగ తీసి గాజుపలక మీద పరిస్తే గానీ క్రోమోజోములు కనబడవు మరి!

బనగానపల్లె దగ్గరి మెట్టల్లో నాకు దారి చూపింది ఉసేనప్ప తాత. కూత వింటే చాలు, పిట్ట ఏ కంప కింద ఉందో చెప్పేవాడు. ఆయనకో పెంపుడు కౌజు ఉండేది, పేరు దొర. వేరుసెనగ చేలో దొరికిన గుడ్డును ఆయన భార్య కోడి కింద పెట్టి పొదిగించిందట. ఆమె పోయాక ఆ ఇంట్లో మిగిలింది తాతా, దొరా. తాత "దొరా" అంటే పంజరంలోంచి వెంటనే జవాబొచ్చేది.

తాతకు కంట్లో పొర వచ్చింది. కర్నూలు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు చేరుతూ పంజరం మా ల్యాబుకు తెచ్చాడు.

"మూడు దినాలు సూస్కో నాయనా. ఇంగ నాకెవురుండారు?"

"కండ్లల్లో పెట్టుకుని సూసుకుంటా తాతా!"

మర్నాడు పొద్దున్నే మా గైడు గారు, "స్లైడ్లు యాడప్పా? సాయంత్రానికి నా బల్ల మీద ఉండాల" అన్నారు. గుర్రాన్నీ గాడిదనూ ఒకే గాటన కట్టకూడదంటారు. నేనేమో ముందురోజే దొరను మెట్టలో పట్టిన పిట్టల పంజరాల వరసలోనే పెట్టాను. హడావుడిలో చేతికందిన పంజరం తెరిచాను. పిట్ట పెనుగులాడలేదు. పైగా నా వేలిని ముద్దుగా పొడిచింది. ఎంత మంచి నమూనా అనుకున్నాను.

సాయంత్రం సూక్ష్మదర్శినిలో చూస్తే పెద్ద క్రోమోజోములు కొన్ని, ఆవాలు చల్లినట్టు చిన్నవి బోలెడు. అంత చక్కటి స్లైడు నా జన్మలో రాలేదు. గైడు గారు భుజం తట్టారు. గాల్లో తేలుతూ పిట్టలకు నీళ్లు పెట్టబోయి, హుషారుగా "దొరా!" అన్నాను.

ఒక్క పంజరమూ పలకలేదు.

కౌజుకూ కౌజుకూ మధ్య తేడాలు కనిపెట్టడానికి బయల్దేరిన మహానుభావుడికి, నమ్మి అప్పగించిన పిట్టకూ మెట్టలో పట్టిన పిట్టకూ తేడా తెలియలేదండీ! అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? మూడో రోజు తాత కంటికి కట్టుతో వచ్చేసరికి, దొర పంజరంలో ఇంకో కౌజును కూర్చోబెట్టాను.

"దొరా!" అన్నాడు తాత. చప్పుడు లేదు. "ఏమప్పా, పలకడంల్యా?"

"కర్నూలు నీళ్లు పడలేదు తాతా. గొంతు పట్టేసింది."

తాత వేలు లోపల పెట్టాడు. పిట్ట ఊచలకేసి టపటపా కొట్టుకుంది.

"బెదురుతాండాడే?"

"నీ కట్టు సూసి గుర్తుపట్టలేదు."

"శానా సన్నమైనాడు."

"నీ మీద బెంగ!"

నేను పట్టిన కౌజుకు మూడే కాళ్లు.  తాత పంజరం చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

వారం రోజులు తప్పు దాచి, ఇంక దాచలేకపోయాను. ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. పంజరం ఖాళీగా ఉంది.

"అది మెట్టలో పిట్ట గదా, ఇడిసేసినా" అన్నాడు తాత. "దొర కాదని ఆ దినమే తెల్సు. కట్టు కంటికుండాది గానీ చెవులకు ల్యాకపోయె."

"మరి నన్ను అడగలేదేం తాతా?"

"నువ్వే సెప్తావేమోనని సూసినా."

అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. చెంబుతో నీళ్లు తెచ్చి నాకు ఆయనే ఇచ్చాడు. నేను తాగాక అడిగాడు.

"యాడ పూడ్సినావు?"

"పూడ్చలేదు తాతా. కొంచెం... గాజుపలక మీద ఉండాది."

"సూపిస్తావా?"

కట్టు విప్పినాక తాత ల్యాబుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, స్లైడు సరిచేసి పెట్టాను. కొత్తగా చూపొచ్చిన కన్నుతో చూశాడు.

"ఈ సుక్కలేంది?"

"వాటిని బట్టే అది కౌజని తెలుస్తుంది తాతా."

"కౌజని నాకూ తెల్సులేప్పా. దొరని యాడ రాసిండాది?"

 ఆ స్లైడు నాకు డాక్టరేటు తెచ్చిపెట్టింది, తాత అడిగినదానికి జవాబు మాత్రం తేలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నలుగురి ముందూ నెత్తిన చెయ్యి పెట్టుకుని చెబుతున్నాను. ఏ పంజరం తలుపు తీసినా ముందుగా లోపలున్నవారి పేరు కనుక్కుంటాను. పేరున్నవారిని ముట్టను. ఈ ఒట్టు వల్ల వచ్చిన చిక్కల్లా ఒక్కటే: ఆ తర్వాత పేరులేని పిట్ట నాకెక్కడా కనబడలేదు.